బడి ఊరికి చెప్పు లెక్క

ఈ కాలమున చిన్నపిల్లల బడులు సయితము తమ పేర వెబ్‌సైట్లు పెట్టుకొనుచున్నవి. పట్టణమున కొలువు చేయు కుమారుడు ఊరికి వచ్చి, తండ్రి చేతికి ఫోను ఇచ్చి, "నాన్నగారూ, మన చంటివాణ్ణి ఈ బడిలో వేద్దామనుకుంటున్నాను, చూడండి" అని ఒక పుట తెఱచి చూపును. అందు రంగుల భవనము, ఒక్క తీరు దుస్తులు ధరించిన బాలురు, కంప్యూటర్ల ముందు కూర్చున్న బాలికలు కనబడుదురు. తండ్రి కన్నులు చికిలించి చూచి, "బాగానే ఉందిరా" అనును. ఏమి బాగుగ నున్నదో అడిగినచో ఆయనయు చెప్పలేడు, కుమారుడును చెప్పలేడు. అయినను ఆ ఒక్క చూపుతోనే వేలకొలది రూపాయల జీతము నిశ్చయమగును. ఊరిబడి హాజరు పట్టీలో ఒక పేరు తగ్గును. ఇట్లు పదిమంది తగ్గినచో ఊరిబడి నిలుచుటయే కష్టము. కావున బడి పుటను తూచుట యెట్లో గ్రామ పెద్దలు తెలిసికొనవలసి యున్నది. ఈ విషయమును నేను చరిత్ర మార్గమున విచారింపదలచితిని. ఏలనన, పుట క్రొత్తదే కాని బడి తన్ను గూర్చి ఇతరులకు లెక్క చెప్పుట మిక్కిలి పాతది.

వీధిబడి నాళ్లలో బడికి వేఱు ప్రకటన అక్కఱలేకుండెను. అరుగు వీధిలోనే యుండెను. నీళ్లకు పోవు ఆడువారును, పొలమునకు పోవు కాపును, సంతకు పోవు కోమటియు ఆ వీధినే నడచుచుండిరి. ఏ పిల్లవాడు గుణింతము తప్పుచున్నాడో, ఎవ్వడు ఎక్కము గడగడ ఒప్పగించుచున్నాడో, పంతులు ఎవనిని కొట్టుచున్నాడో, ఎప్పుడు కునుకుచున్నాడో అందఱికి వినబడుచు, కనబడుచు నుండెను. ఏటికొకసారి దసరా పండుగనాడు పంతులు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికి పోయెడివాడు. వారు రంగుకాగితపు విండ్లు పట్టుకొని, నేర్చిన పద్యములు పాడి, బుక్కాగుండ చల్లి, పప్పుబెల్లములు పుచ్చుకొనెడివారు. అయ్యవారికి కట్నము ముట్టెడిది. మీలో పెద్దలు కొందఱు ఆ విండ్లు పట్టినవారే కావచ్చును. దానిని మనము వేడుక అనుకొందుము. కాని అది బడి ఊరికి చెప్పిన సాంవత్సరిక లెక్క గూడ. పద్యము తప్పిన పిల్లవానిని చూచి ఇంటివారు పంతులను అడుగక మానరు.

ఈ అరుగుబడికి ఒక లోపము కలదు. దానిని దాచుట న్యాయము కాదు. అరుగు దాపునకు రానీయబడని కులములవారికి అక్కడ వినబడునది ఏమియు లేదు. బాలికలు అరుదు. అందఱి ఎదుట ఉన్న బడి అందఱి బడి కాదు.

బడుల లెక్క కాగితము మీదికెక్కుట మనకు 1822లో ఆరంభమైనది. ఆ సంవత్సరము జూన్ నెలలో చెన్నపట్టణ రాజధానికి గవర్నరుగా నుండిన సర్ తామస్ మన్రో తన యేలుబడిలోని కలెక్టర్లందఱికి ఒక పట్టీ పంపించెను. జిల్లాలో బడులెన్ని, చదువువారెందఱు, వారిలో బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతరులు, మహమ్మదీయులు ఎందఱు, మగవారెందఱు, ఆడువారెందఱు అని గడులు గీసి నింపి పంపుడనెను. బడులలో సర్కారు జోక్యము తన ఉద్దేశము కాదనియు, ప్రజలు తమ బడులను తమ తీరుననే నడుపుకొనవలెననియు గూడ అందు చెప్పెను.

ఉత్తరములు మూడు నాలుగు సంవత్సరములు వచ్చుచుండెను. కొందఱు కలెక్టర్లు గడులు నింపి ఊరకుండిరి. బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెలు మాత్రము 1823 ఆగస్టులో దీర్ఘమైన జాబు వ్రాసెను. నేటి అనంతపురము సీమ ఆనాడు బళ్లారి జిల్లాలోనిదే. 1882లో గాని అది వేఱు జిల్లా కాలేదు. కావున ఆ జాబు మన తాతముత్తాతల బడిని గూర్చినదే. జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. అందు తెలుగువి 226, కన్నడమువి 235, మరాఠీవి 23, సంస్కృతమువి 23, పారసీవి 21, అరవమువి 4, ఇంగ్లీషుది 1. చదువువారు 6,641 మంది. వారిలో బాలికలు 60 మంది మాత్రమే. వెయ్యిమందిలో ఏడుగురైనను చదువుటలేదని ఆయన వ్రాసెను.

ఇంతవఱకు గడులలో పట్టినది. ఆయన గడులు దాటి వ్రాసినది ఇంకను విలువైనది. ఉదయము ఆఱు గంటలకు బడి తెఱచెదరనియు, మొదట వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురనియు, రెండవవానికి సున్న చుట్టుదురనియు, మూడవవాడు మొదలు ఒక్కొక్క దెబ్బ హెచ్చుననియు తెలిపెను. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించుట, పిదప తాటాకు, కడితము మొదలగు వాని మీద వ్రాయించుట వర్ణించెను. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పు పద్ధతిని మెచ్చుకొనెను. పద్యములు వేలకొలది వచ్చును గాని అర్థము చిలుకకు తెలిసినంతయే అని నిష్ఠురముగా పలికెను. అన్నిటికంటె ముఖ్యముగా, బడులు ఏల తగ్గుచున్నవో చెప్పెను: సీమబట్టలు వచ్చి నేతపని చెడినది, ప్రజలు బీదలైరి, కూలికి పోవు పిల్లవానిని బడికి పంపుటకు తల్లిదండ్రులకు శక్తి లేదు. కొలువులో నున్న దొర తన ప్రభుత్వమునకే ఇట్లు వ్రాయుట సామాన్యము కాదు.

1826 మార్చిలో మన్రో మొత్తము లెక్క కూర్చెను. రాజధానిలో బడులు 12,498, చదువువారు 1,88,650, జనసంఖ్య కోటి ఇరువదియెనిమిది లక్షల పైచిలుకు. ఈ కాగితములు లండనులో పార్లమెంటు నివేదికలలో 1832లో అచ్చుపడెను. ఇటీవల ధరంపాల్‌గారు 1983లో తమ గ్రంథమున వానిని సమగ్రముగా ప్రకటించుటచే పలువురు చదివిరి. ఈ లెక్క ఊరినుండి జిల్లా కచేరీకి, అచ్చటినుండి చెన్నపట్టణమునకు, అచ్చటినుండి సముద్రము దాటి పోయెను. లెక్క యిచ్చిన అరుగునకు అది తిరిగి వచ్చిన జాడ యెచ్చటను కానరాదు. బడిని గూర్చిన వ్రాత ఎవరికొఱకు వ్రాయబడినది అను ప్రశ్న నా కిచ్చట మొదలగుచున్నది. వెబ్‌సైటును తూచుటకును నేనిదే త్రాసు పట్టెదను.

వ్రాత డబ్బిచ్చువానికొఱకే వ్రాయబడినప్పుడు ఏమగునో ఇంగ్లండు 1862లో నేర్చుకొనెను. అచ్చటి మంత్రి రాబర్టు లో తెచ్చిన క్రొత్త నిబంధనల చొప్పున బడికి సర్కారు సొమ్ము ఫలితమునుబట్టి యుండెను. పిల్లవాని హాజరునకు నాలుగు షిల్లింగులు, పరీక్షకు ఎనిమిది షిల్లింగులు; చదువు, వ్రాత, లెక్క అను మూడింటిలో ఒక్కొక్కటి తప్పినకొలది ఆ యెనిమిదిలో మూడవ వంతు కోత. అప్పుడే ప్రధానోపాధ్యాయుడు బడి దినచర్య పుస్తకమొకటి వ్రాయవలెనను విధియు వచ్చినది. తనిఖీ చేయుచుండిన మాథ్యూ ఆర్నాల్డు అను పండితకవి ఈ పద్ధతిని గట్టిగా ఖండించెను: పరీక్షకు పెట్టు పుస్తకమునే పిల్లలు కంఠస్థము చేయుదురు, చదువుట మాత్రము రాదని. మన రాజధానిలోను ఇట్టి గ్రాంటులు వచ్చినవి. 1882 నాటి హంటరు సంఘము ప్రాథమిక విద్యకు దానినే మేలనెను. 1904లో కర్జను ప్రభుత్వపు తీర్మానము దానిని విడువుమనెను. తనిఖీదారు వచ్చు దినమున పొరుగూరి పిల్లలను అరువు తెచ్చి బల్లలు నింపిన కథలు మీరును విని యుందురు. ఆ కథలు పుట్టించినది ఉపాధ్యాయుల దుర్బుద్ధి యొక్కటే కాదు, ఆ పట్టీయే.

ఇక వెబ్‌సైటు. 1994లో అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున హిల్‌సైడ్ అను ప్రాథమిక పాఠశాల, ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయము తోడ్పాటుతో, ప్రపంచమున తొలి బడి పుటలలో ఒకటి తెఱచెను. ఆ పుట మీద పిల్లల వ్రాతలుండెను. ఆ తొలినాళ్లలో పుట తనిఖీకిని కాదు, బేరమునకును కాదు; పిల్లలు తాము నేర్చినది లోకమునకు చూపుట. మన దసరా విండ్ల దారియే యని నాకు తోచినది.

తరువాతి కథ మఱల ఇంగ్లండుది. అచ్చట ప్రతి బడియు ఏటేట ఒక చిన్న పుస్తకము అచ్చువేసి తల్లిదండ్రులకు ఇయ్యవలెనను నియమముండెను. 2012 సెప్టెంబరు 1వ తేదీనుండి దానిని తీసివేసి, సర్కారు పోషణలోని బడులు ఆ వివరములను వెబ్‌సైటున పెట్టవలెనని శాసించిరి. పుటయందేమి యుండవలెనో చట్టమే చెప్పిన సందర్భములలో ఇది గమనింపదగినది. బడి చిరునామా, సందేహములకు ఎవరిని అడుగవలెనో వారి పేరు, పిల్లలను చేర్చుకొను పద్ధతి, ప్రాథమిక తరగతుల చివరి పరీక్షాఫలితములు, ఇటీవలి తనిఖీ నివేదిక, ఏ తరగతిలో ఏ విషయము బోధింతురో ఆ క్రమము, పసివారికి చదువు నేర్పుటకు ఏ వాచకముల వరుస వాడుదురో అది, నడవడి నియమములు, ప్రత్యేకావసరములు గల పిల్లలకు చేయు ఏర్పాట్లు — ఇవన్నియు ఉండవలెను.

వీనిలో నాకు మిక్కిలి నచ్చినది ఒకటి. బీద పిల్లలకొఱకు 2011నుండి అచ్చటి బడులకు ప్రత్యేక ధనమిచ్చుచున్నారు. ఆ ధనమెంత వచ్చెను, దేనికి వెచ్చించితిమి, దానివలన ఆ పిల్లలకు కలిగిన మేలేమి అని బడి తన పుట మీద వ్రాయవలెను. సొమ్ము, ఖర్చు, ఫలము మూడును ఒక్కచోట. ఆ పిల్లవాని తండ్రియే చదువుకొనవచ్చును. మఱియొక నిబంధన ఇంకను చిన్నది: తల్లిగాని తండ్రిగాని పుటలోని విషయము కాగితము మీద కావలెనన్నచో బడి రుసుము లేకుండ ఇయ్యవలెను. కంప్యూటరు లేని యింటిని తలచుకొన్నవాడెవడో ఈ పంక్తి వ్రాసెను.

అయినను పాత జబ్బు వదలలేదు. తనిఖీ సంస్థవారు బడికి రాకముందే ఆ పుట తెఱచి చూతురు. కావున పుటలు క్రమముగా తల్లిదండ్రుల భాషను విడిచి తనిఖీ భాషను పట్టినవి. పెద్ద పెద్ద పత్రములు, పదింటికి పది శీర్షికలు సరిగానే యుండును. రేపు బడి యున్నదా లేదా అని తెలిసికొన గోరిన తల్లి మాత్రము వెదకి వెదకి విసుగును. 1862 నాటి దినచర్య పుస్తకము బీరువాలో నుండెను, ఈనాటిది తెఱమీద నున్నది. చదువువాడు ఇద్దఱికి ఒక్కడే.

మన ప్రాంతపు బడుల పుటలను నేను కొన్నిటిని కూర్చుండి చూచితిని. ప్రైవేటు బడుల పుటలు తఱచుగా ఇంగ్లీషులోనే యున్నవి. మొదట భవనము, పిదప అధిపతి ఛాయాపటము, ఆ పిదప ఆయన సందేశము. ఎందఱు ఉపాధ్యాయులు, వారేమి చదివిరి, తరగతికి ఎందఱు పిల్లలు, ఏడాదికి మొత్తము జీతమెంత, బస్సునకెంత, పుస్తకములకెంత అను వివరములు దొరకుట కష్టము. జీతము చెప్పని పుట బేరగాని దుకాణము వంటిది. లోపలికి వచ్చిన పిదప ముఖము చూచి ధర చెప్పును. కొన్నింటిలో "క్రొత్త వార్తలు" అను శీర్షిక క్రింద మూడేండ్ల నాటి పండుగ ఫొటోలున్నవి. తేదీ లేని పుటను నమ్మరాదు. పంచాంగము ఏ సంవత్సరముదో చూడకుండ ముహూర్తము పెట్టుకొందుమా?

రూపమును గూర్చియు చెప్పవలసినది కలదు, ఇది అలంకారము మాట కాదు. లేత పసుపు మీద తెల్లని అక్షరములు వ్రాసినచో అఱువది యేండ్ల కంటికి కనబడవు. అక్షరమునకును వెనుకటి రంగునకును వెలుగు నిష్పత్తి కనీసము నాలుగున్నరకు ఒకటిగా నుండవలెనని 2008 నాటి అంతర్జాతీయ మార్గదర్శకములు నిర్ణయించినవి. నోటీసును ఫొటో తీసి పుటకు అంటించుట మఱియొక దోషము. కన్నులు లేనివారికి వ్రాతను బిగ్గరగా చదివి వినిపించు సాధనములు ఫోనులలో నున్నవి. ఆ సాధనము అక్షరములను చదువును గాని బొమ్మను చదువలేదు. తెలుగున కింకొక చిక్కు. తెలుగు లిపికి యూనికోడు సంకేతములు 1991లోనే యేర్పడినవి. అయినను ముద్రణకు పనికివచ్చు పాత అక్షరవరుసలతో కొట్టిన వ్రాతను అట్లే పుటకెక్కించినచో, మఱియొక ఫోనులో అది తెలుగు కాదు, గజిబిజి గీతలు. వెదకినను దొరకదు, వినిపింపుమన్నను పలుకదు. ఇంత దోషమును దాటుటకు ధనమక్కఱలేదు, ఆ పని చేయువాడు తెలిసినవాడైన చాలును.

ఇంకొక మాట. పిల్లల ఫొటో క్రింద పేరు, తరగతి, ఊరు అచ్చువేయుట మన బడులకు మిక్కిలి ఇష్టము. తల్లిదండ్రులు సంతోషింతురు. ఆ పుటను ఊరివారే కాదు, లోకములోని ఎవ్వడైనను చూచును. ఫొటో యున్నచో పేరు వలదు, పేరున్నచో ఫొటో వలదు. ఇది నేను గట్టిగా నమ్మిన మాట.

సర్కారు ప్రాథమిక పాఠశాలకు సాధారణముగా స్వంత పుట లేదు. కాని దాని లెక్క అంతర్జాలమున లేకపోలేదు. 1990ల నడుమ జిల్లా విద్యాసమాచార పద్ధతి యొకటి ఆరంభమై, పలు మార్పులు పొంది, 2018–19నుండి యూడైస్ ప్లస్ అను పేర నడుచుచున్నది. దేశమున ప్రతి బడికి పదునొకండు అంకెల సంఖ్య యొకటి ఇచ్చిరి. మొదటి రెండంకెలు రాష్ట్రము, తరువాతి రెండు జిల్లా, ఆపై మండలము, గ్రామము, తుదకు బడి. ఆంధ్రప్రదేశ్ బడుల సంఖ్య 28తోను, తెలంగాణ బడుల సంఖ్య 36తోను మొదలగును. ఆ సంఖ్య తెలిసినచో గదులెన్ని, ఉపాధ్యాయులెందఱు, త్రాగునీరున్నదా, బాలికలకు మరుగుదొడ్డి యున్నదా అని చూడవచ్చును. ఇందు బొమ్మలు లేవు, పొగడ్త లేదు. అందుచే ఎన్నో రంగుల పుటలకంటె దీనిని నేను మేలనెదను. మరుగుదొడ్డి యున్నదని అందు వ్రాసి, బడిలో దానికి తాళము వేసి యున్నచో, ఆ తేడా కనిపెట్టగలవారు ఊరివారే.

అయినను ఇది మన్రో పట్టీకి మనుమడే. గడులున్నవి, క్యాంబెలు జాబు లేదు. మూడవ తరగతి పిల్లవాడు వాచకములో ఒక పుట తడబడక చదువగలడా అను ప్రశ్నకు అందు గడి లేదు. లెక్క పైకి పోవుటకు కట్టిన కాలువ అది. ఊరికి నీరు పారుటకు కాదు.

ఊరికి పారించు పని ఎవరిది? 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చినది. సర్కారు బడికి ఒక యాజమాన్య సంఘముండవలెననియు, అందు ముప్పాతికమంది తల్లిదండ్రులే కావలెననియు, సభ్యులలో సగము స్త్రీలుండవలెననియు అది చెప్పుచున్నది. ఆ సంఘము తలచుకొన్నచో పుటకు కావలసిన సరకంతయు దాని చేతిలోనే కలదు. బడి వేళలు, ఉపాధ్యాయుల పేర్లు, ఈ యేడు వచ్చిన సొమ్ము, అయిన ఖర్చు, తరగతికి ఎందఱు, అందులో తెలుగు తడబడక చదువువారెందఱు. పిల్లల పేర్లు వలదు, సంఖ్య చాలును. అంతర్జాలము లేకున్న ఒక అట్ట మీద వ్రాసి రచ్చబండ దగ్గఱ కట్టవచ్చును. తేదీ వేసి, నెలనెల మార్చవలెను.

ఇది జరుగని పని యనువారికి నేను బడి గోడ చూపుదును. మధ్యాహ్న భోజనమున ఏ వారము ఏమి వండుదురో ఆ పట్టిక మన పల్లెబడుల గోడల మీద పెద్ద తెలుగు అక్షరములతో వ్రాయబడి యున్నది. దానిని చదువుటకు ఫోను అక్కఱలేదు. గుడ్డు పెట్టవలసిన నాడు పెట్టనిచో, సాయంకాలమునకు ఎవరో యొక తల్లి వచ్చి వాకిట నిలిచి అడుగును. నేను చూచిన గోడలలో ఆ పట్టిక ప్రక్క చోటు ఖాళీగానే యున్నది.